రక్తం ఎక్కించాక ఆయాసం: కాగితం మీద ఏమని రాశారు?

"మా అత్తగారికి 66 ఏళ్ళు. సన్నటి మనిషి, బరువు 42 కిలోలు. పదేళ్ళుగా బి.పి.కి మాత్రలు వాడుతున్నారు. కొన్ని నెలలుగా మొలల వల్ల రక్తం పోతూంటే సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆమధ్య కళ్ళు తిరిగి పడిపోతే మా ఊళ్ళో నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. హిమోగ్లోబిన్ 5.6 ఉందని ఒకే సాయంత్రం రెండు బ్యాగుల రక్తం ఎక్కించారు. రెండోది సగం అయ్యేసరికి ఆయాసం మొదలైంది. పడుకోలేక లేచి కూర్చున్నారు. ఆవిడ అవస్థ చూసి మాకు ప్రాణాలు పోయాయి. ఆక్సిజన్ పెట్టి, ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు. మూత్రం బాగా పోయింది. తెల్లారేసరికి తేలికపడ్డారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో 'రక్తహీనత, ఆయాసం, నయమైంది' అని మాత్రం రాశారు.

మా అమ్మాయి హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తోంది. ఆ కాగితం చూసి, 'అమ్మా, అసలు సంగతి ఇందులో లేదే! ఇది నా బల్ల మీదికొస్తే రక్తం ఎక్కించడం వల్ల ఆయాసం వచ్చిందని నేను రాయడానికి వీల్లేదు' అంది. ఇప్పుడు మొలలకి ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. మళ్ళీ రక్తం కావలసి వస్తుందేమోనని భయంగా ఉంది. ఆవిడకి రక్తం పడదా? ప్రాణం దక్కింది కదా, కాగితం మీద ఏం రాస్తే మాత్రం ఏమిటి అంటున్నారు మావారు. దయచేసి మీ శీర్షికలో వివరించగలరు."

- ఒక సోదరి (పేరు, ఊరు ప్రచురించవద్దన్నారు)

అమ్మా, మీ ఉత్తరంలో మీరడిగిన ప్రశ్నల కన్నా మీ అమ్మాయి అన్న మాట ముఖ్యమైనది. మీ అత్తగారికి రెండోసారి అలాంటి రాత్రి రాకుండా ఉండాలంటే మొదటిసారి ఏం జరిగిందో కాగితం మీద ఉండాలి. అదెందుకో చెబుతాను. ముందు మీ భయం సంగతి చూద్దాం.

"పడలేదు" అంటే ఏమిటి?

రక్తం ఎక్కించాక ఏ ఇబ్బంది వచ్చినా మన ఇళ్ళల్లో "రక్తం పడలేదు" అంటాం. ఈ ఒక్క మాట కింద అయిదారు రకాల ప్రమాదాలు దాగి ఉన్నాయి. ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి పనికిరాదు.

ఒక గ్రూపు రక్తానికి బదులు మరో గ్రూపుది ఎక్కిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. చలిజ్వరం, నడుంనొప్పి, ఎర్రగా నల్లగా మూత్రం రావడం దాని గుర్తులు. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, దురద, పిల్లికూతలు వస్తాయి. ఇది ఎలర్జీ. అరుదుగా బ్యాగులోకి సూక్ష్మజీవులు చేరి తీవ్రమైన జ్వరం తెప్పిస్తాయి. వీటన్నిటిలోనూ ఆయాసం రావచ్చు. అయితే నేరుగా ఊపిరితిత్తుల మీదే దెబ్బతీసేవి ముఖ్యంగా రెండున్నాయి. ఒకదాన్ని టాకో అనీ, రెండోదాన్ని ట్రాలీ అనీ వైద్యులు పొడి అక్షరాల్లో పిలుస్తారు. మనం మొదటిదాన్ని "రక్తభారం" అనీ, రెండోదాన్ని "ఊపిరితిత్తుల దెబ్బ" అనీ చెప్పుకుందాం.

గుండె మోయలేని భారం

రక్తం నెమ్మదిగా తగ్గుతూ వచ్చిన మనిషి ఒంట్లో గొట్టాలు ఖాళీగా ఉండవు. ఎర్రకణాలు తగ్గిన మేరకు శరీరం నీటితో భర్తీ చేసుకుంటుంది. చిక్కటి పాలలో నీళ్ళు కలిపినట్టన్నమాట. గిన్నె నిండుగానే ఉంటుంది, చిక్కదనమే తగ్గుతుంది. ఆ పలచటి రక్తంతోనే ఒళ్ళంతా ప్రాణవాయువు అందించాలి కనుక గుండె అప్పటికే ఎక్కువ పని చేస్తూ ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 42 కిలోల మనిషి ఒంట్లో ఉండే రక్తం మొత్తం మూడు లీటర్ల లోపే. రెండు బ్యాగులు కలిపితే అర లీటరుకు అటూ ఇటూ ఉంటుంది. నిండుగా ఉన్న మూడు లీటర్ల గిన్నెలో ఒక్క సాయంత్రంలో మరో అర లీటరు పోశారు. పైగా వయసు మీరిన గుండె, బి.పి. ఉన్న గుండె. అది తోడలేకపోతే వెనక్కి తన్నిన రక్తం వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే కాస్త నయం. బి.పి. పెరుగుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి. దగ్గితే నురగ కూడా రావచ్చు. రక్తం ఎక్కుతూండగా గానీ, అయిపోయిన 12 గంటల లోపు గానీ ఇది బయటపడుతుంది. వయసు పైబడినవారు, గుండె జబ్బు లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, బరువు తక్కువవారు, చిన్నపిల్లలు, చాలాకాలంగా రక్తహీనతతో ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలి.

దీనికి వైద్యం ఉంది. రక్తం ఆపి, మనిషిని కూర్చోబెట్టి, ఆక్సిజన్ ఇచ్చి, లాసిక్స్ వంటి మూత్రం జారీ చేసే ఇంజెక్షన్ ఇస్తే చాలామంది తేరుకుంటారు. ఉత్తరం చూసి రోగం తేల్చడం సరైన పద్ధతి కాదు. అయినా మీరు రాసిన వయసు, బరువు, బి.పి., ఒకే సాయంత్రం రెండు బ్యాగులు, మూత్రం పోగానే తేలికపడడం చూస్తే నా అనుమానం దీని మీదే.

రెండో రకం దెబ్బ

ఊపిరితిత్తుల దెబ్బ వేరు. ఇందులో గుండె తప్పేమీ ఉండదు. రక్తం ఇచ్చిన మనిషి ప్లాస్మాలో, అంటే రక్తంలోని పసుపుపచ్చ ద్రవంలో, కొన్ని ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి తీసుకున్నవారి తెల్లకణాల మీద పనిచేసి ఊపిరితిత్తుల్లో రేపు పెడతాయి. సన్నటి రక్తనాళాల గోడలు జల్లెడలై నీరు కారుతుంది. రక్తం ఎక్కుతూండగా గానీ, తర్వాత ఆరు గంటల లోపు గానీ వస్తుంది. తరచు జ్వరం వస్తుంది, బి.పి. పడిపోతుంది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు ఇందులోనూ తెల్లగానే కనిపిస్తాయి. కానీ మూత్రం ఇంజెక్షన్‌తో గుణం కనిపించదు. బి.పి. పడిపోయినవారికి అది కీడు కూడా చెయ్యవచ్చు. ఆక్సిజన్‌తో, అవసరమైతే వెంటిలేటర్‌తో ఊపిరి నిలబెట్టాలి. తట్టుకున్నవారిలో చాలామంది రెండు మూడు రోజుల్లో కోలుకుంటారు.

చూశారా, రోగి అవస్థ ఒకేలా ఉంటుంది, ఎక్స్‌రే ఒకేలా ఉంటుంది, వైద్యం మాత్రం వేరు. తర్వాత తీసుకోవలసిన జాగ్రత్త కూడా వేరు. మొదటిదైతే ఈసారి రక్తం కొద్దిగా, నిదానంగా ఎక్కించాలి. రెండోదైతే రక్తం ఇచ్చిన దాతను పిలిపించి పరీక్ష చెయ్యాలి. లేకపోతే ఆ దాత ఇచ్చే ప్లాస్మా మరొకరి ప్రాణం మీదికి తేవచ్చు. "ఆయాసం" అని ఒక్క ముక్క రాస్తే ఈ రెండింటిలో ఏ జాగ్రత్తా తీసుకోలేం.

పేరు పెట్టి లెక్కపెడితే ఏమవుతుంది?

ఈ ఊపిరితిత్తుల దెబ్బను అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 1980లలో వరుసగా గమనించి, పేరు పెట్టి, లక్షణాలు రాశారు. అంతకుముందు కూడా జనానికి ఇది వచ్చే ఉంటుంది. గుండె ఆగిందనో, నిమోనియా అనో రాసి ఊరుకుని ఉంటారు.

బ్రిటన్‌లో 1996 నుంచి రక్తం ఎక్కించాక వచ్చే ప్రమాదాలను ఒకచోట నమోదు చెయ్యడం మొదలుపెట్టారు. అలా రాస్తూ పోగా ఒక సంగతి తేలింది. ఎక్కువ కేసుల్లో ప్లాస్మా గానీ, ప్లాస్మా ఎక్కువగా ఉండే ప్లేట్‌లెట్లు గానీ ఇచ్చారు. దాతలు తరచు పిల్లలు కలిగిన స్త్రీలు. గర్భంలో బిడ్డ తండ్రి పోలికలతో పెరుగుతుంది కదా. ఆ పోలికలకు ఎదురుగా తల్లి రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఆ తల్లికి వాటివల్ల ఏ హానీ లేదు. ప్లాస్మా తీసుకున్నవారికే ముప్పు. ఇది తెలిశాక 2003 నుంచి అక్కడ ప్లాస్మాను వీలైనంతవరకు మగ దాతల నుంచే వాడసాగారు. ట్రాలీ కేసులు బాగా తగ్గాయి. కొత్త మందేదీ కనిపెట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసి లెక్కపెట్టారు, అంతే.

ఇది చదివి స్త్రీలు రక్తదానం మానుకోవద్దు. ఎర్రకణాల బ్యాగులో ప్లాస్మా చాలా తక్కువ. మీరిచ్చిన రక్తం నిక్షేపంగా పనికొస్తుంది. ఏ భాగాన్ని ఎలా వాడాలో రక్తనిధివారు చూసుకుంటారు.

మీ అమ్మాయి చేసే పని

మెడికల్ కోడింగ్ అంటే అమెరికా బిల్లుల గొడవ అని చాలామంది అనుకుంటారు. బిల్లులు ఉన్నమాట నిజమే. కానీ దాని మూలం వేరు. మనుషులు దేనివల్ల చనిపోతున్నారో అన్ని దేశాలూ ఒకే పద్ధతిలో లెక్కకట్టాలని 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ ఒక జాబితా తయారుచేశాడు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జాబితా బాధ్యత తీసుకుని, చావులతోపాటు జబ్బులన్నిటినీ అందులో చేర్చింది. మార్పులతో పెరుగుతూ వచ్చిన ఆ జాబితా 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికావారు పదో కూర్పును తమకు కావలసినట్టు విస్తరించుకుని వాడుతున్నారు. హైదరాబాదులో కూర్చుని ఎంతోమంది మన పిల్లలు రోజూ తిరగేసేది దాన్నే.

ఆ జాబితాలో కారణం తెలియని ఆయాసానికి "ఆర్ 06" కింద ఒక నెంబరు ఉంది. రక్తభారానికి "ఇ 87.71". ఊపిరితిత్తుల దెబ్బకు "జె 95.84". ఈ నెంబర్లు కూడా మొదటినుంచీ లేవు. ఊపిరితిత్తుల దెబ్బకు అమెరికా జాబితాలో ప్రత్యేక నెంబరు దొరికింది 2006 అక్టోబరులో. రక్తభారానికి 2010 అక్టోబరులో. అంతవరకూ ఇవి వేరే జబ్బుల నెంబర్ల చాటున కలిసిపోయేవి.

మీ అమ్మాయి అన్న మాట అక్షరాలా నిజం. కోడింగ్ చేసేవారు రోగ నిర్ణయం చెయ్యకూడదు. ఎక్స్‌రే చూసి, ఇంజెక్షన్ పేరు చూసి "ఇది ఫలానా అయి ఉంటుంది" అని తమంతట తాము రాయకూడదు. డాక్టరు రాసిన మాటకే నెంబరు వేయాలి. సందేహం ఉంటే తిరిగి డాక్టరునే అడగాలి. "రక్తం ఎక్కించాక ఆయాసం వచ్చింది" అని రాసినా చాలదు. తర్వాత రావడం వేరు, దానివల్ల రావడం వేరు. "దానివల్లే" అని వైద్యుడు తేల్చి రాయాలి.

మరి మన దేశంలో? రక్తం ఎక్కించాక వచ్చే ఇబ్బందులను నమోదు చెయ్యడానికి జాతీయ కార్యక్రమం 2012 డిసెంబరులో మొదలైంది. నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయొలాజికల్స్ దీన్ని నడుపుతోంది. దీనికోసం ప్రత్యేకంగా ఫారం ఉంది. అది నింపడమంటే తప్పు ఒప్పుకోవడం అని కొందరు జంకుతారు. జంకవలసిన పనిలేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఇవి కొన్నిసార్లు వస్తాయి. ఆ ఫారం ఎవరినీ శిక్షించడానికి కాదు.

ఇప్పుడు మీరు చెయ్యవలసినవి

మీవారితో చెప్పండి, ప్రాణం దక్కింది కనుకనే కాగితం కావాలి. నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి డాక్టరుగారిని నెమ్మదిగా అడగండి. తగాదాకి వచ్చారనుకునేలా మాట్లాడవద్దు. "ఆపరేషన్ చేసే డాక్టరుకి చూపించాలండీ, ఆ రాత్రి జరిగింది కాస్త వివరంగా రాసివ్వండి" అంటే చాలు. అందులో ఉండవలసినవి ఇవి:

1. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ రకం రక్తం ఎక్కించారు. మొత్తం రక్తమా, ఎర్రకణాలా, ప్లాస్మానా. బ్యాగు నెంబర్లు.

2. ఒక్కో బ్యాగు ఎంతసేపట్లో ఎక్కింది. ఆయాసం మొదలైన సమయం.

3. అప్పుడు బి.పి., నాడి, జ్వరం, ఆక్సిజన్ శాతం ఎంత. ఎక్స్‌రే తీస్తే అందులో ఏముంది.

4. ఇచ్చిన మందు, తగ్గడానికి పట్టిన సమయం.

5. అన్నిటికన్నా ముఖ్యం, డాక్టరుగారి నిర్ణయం. రక్తభారమా, ఊపిరితిత్తుల దెబ్బా, ఎలర్జీనా? తేలకపోతే "తేలలేదు" అని రాసినా మేలే. "రక్తం ఎక్కించిన తర్వాత" అన్న మాట ఉంటే రేపటి డాక్టరు కళ్ళు తెరుచుకుంటాయి.

ఆ కాగితం నకలు ఒకటి రక్తం ఇచ్చిన రక్తనిధికి ఇవ్వండి. ఒకటి ఆపరేషన్ చేసే డాక్టరుకి, ఒకటి మత్తు ఇచ్చే డాక్టరుకి చూపించండి. అసలు కాగితం ఇంట్లో పెట్టెలో భద్రంగా ఉంచండి.

మళ్ళీ రక్తం ఎక్కించవచ్చా?

అవసరమైతే తప్పకుండా ఎక్కించవచ్చు. "మా అత్తగారికి రక్తం పడదు" అని అడ్డం పడకండి. నా అనుమానం నిజమైతే ఆవిడకి పడనిది రక్తం కాదు, ఆ వేగం, ఆ పరిమాణం.

ఆపరేషన్‌కి వ్యవధి ఉంటే రక్తం అవసరమే తప్పించవచ్చేమో డాక్టరుని అడగండి. ఇనుము మాత్రలతో గానీ, నరానికిచ్చే ఇనుము ఇంజెక్షన్‌తో గానీ కొన్ని వారాల్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఇంకో మాట. ఈ వయసులో మలంలో రక్తం పోతోందంటే మొలలేనని సరిపెట్టుకోకూడదు. పెద్దపేగు పరీక్ష అయిందా అని అడగండి.

ఎక్కించక తప్పదంటే, రక్తం ధారాళంగా పోతున్న అత్యవసరంలో తప్ప, ఒకసారికి ఒక్క బ్యాగే. అది అయ్యాక ఎలా ఉందో చూసి, హిమోగ్లోబిన్ పరీక్ష చేసి, కావాలంటేనే రెండోది. వీలైతే పగటిపూట, డాక్టరు, నర్సు అందుబాటులో ఉండగా. ఒక బ్యాగు నాలుగు గంటలకు మించి వేలాడకూడదు. ఆ వ్యవధిలోనే నిదానంగా ఎక్కించవచ్చు. ముందు మూత్రం ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరుగారి నిర్ణయం.

ఇక మంచం పక్కన ఉండే మనం చేసే పొరపాట్లు. "ఎలాగూ సూది గుచ్చారు కదా, ఇంకో బాటిల్ ఎక్కించండి, బలం వస్తుంది" అని డాక్టరుని ఒత్తిడి చేసే బంధువులను నేను చాలామందిని చూశాను. రక్తం టానిక్కు కాదు. గుండె జబ్బు లేని మనిషి కుదురుగా ఉంటే, హిమోగ్లోబిన్ 7 దిగితేనే సాధారణంగా రక్తం గురించి ఆలోచిస్తారు. ఇంటికి వెళ్ళే బస్సు దాటిపోతుందని గొట్టం మీది చక్రం తిప్పి చుక్కల వేగం పెంచేవారూ ఉన్నారు. దయచేసి ఆ చక్రం ముట్టుకోవద్దు.

రక్తం ఎక్కుతూండగా చలి, వణుకు, దురద, నడుంనొప్పి, గుండెల్లో పట్టేసినట్టుండడం, ఆయాసం - వీటిలో ఏదొచ్చినా వెంటనే నర్సుని పిలవండి. మొదటి పావుగంట రోగి దగ్గర నుంచి కదలవద్దు. ఆయాసమైతే కూర్చోబెట్టండి. రక్తం ఆపడం నర్సు పని. సూది పీకెయ్యకండి, మందు ఇవ్వడానికి అదే దారి. బ్యాగు పారెయ్యనివ్వకండి, రక్తనిధివారు పరీక్ష చెయ్యాలి. ఇంటికి వచ్చాక ఆ రాత్రి ఆయాసం వచ్చినా, "పొద్దున రక్తం ఎక్కించారు" అని ఆస్పత్రిలో మొట్టమొదట చెప్పండి.

మీ అమ్మాయికి నా ఆశీస్సులు. రోజంతా ముక్కూ మొహం తెలియని మనుషుల జబ్బులకు నెంబర్లు వేస్తూ, నాయనమ్మ కాగితంలో లేని మాటను పట్టుకుంది. ఆ మాట రాయించి తీసుకురండి. ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఎలా ఉన్నారో రెండు ముక్కలు రాయండి.